సరిహద్దు సీమలో ఇల్లు: మేళ్లచెరువు పరిసరాల్లో గృహాలంకరణ శైలుల కలయిక

కృష్ణానది ఉత్తరపు ఒడ్డుకు చేరువలో, కోదాడకు దక్షిణంగా ఉన్న మేళ్లచెరువు, దాని చుట్టూ హుజూర్‌నగర్, మిర్యాలగూడ, మునగాల, సూర్యాపేటల దాకా పరుచుకున్న నేల చాలాకాలం రెండు ఏలుబడుల నడుమ సరిహద్దు సీమగా ఉంది. తూర్పున జగ్గయ్యపేట, నదికి ఆవల పలనాడు 19వ శతాబ్దపు తొలి ఏళ్లకల్లా ఇంగ్లీషువారి చేతిలోకి పోగా, మేళ్లచెరువు వైపు భాగం 1948 దాకా నిజాము రాజ్యంలోనే నిలిచింది. ఇటు హాలీ సిక్కా అనే నిజాము రూపాయి చెల్లితే అటు కల్దారు అనే ఇంగ్లీషు రూపాయి చెల్లేది, నడుమ కరోడ్‌గిరి అనబడే సుంకాల శాఖ నాకాలు వచ్చీపోయే సరుకును లెక్కించేవి. భాషా బంధుత్వాలూ ఈ గీతను పట్టించుకోలేదు కాబట్టి పెళ్లిసారెతో పాటు పెట్టెలు, మంచాలు, కలప, వాటిని చేసే పనివాళ్లు కూడా అటూ ఇటూ కదిలారు. 2014 నుంచి ఈ నేల మళ్లీ రెండు రాష్ట్రాల హద్దు అయింది.

ఇటువంటి సీమలో ఇంటి లోపలి అమరిక ఏనాడూ ఒకే శైలికి కట్టుబడి ఉండలేదు. ఒకే ఇంట్లో భిన్న శైలులను కలిపి అలంకరించుకోవడం పట్టణాల్లో ఈమధ్య పుట్టిన వేడుక అనే భావన విస్తారంగా ఉన్నప్పటికీ, కృష్ణా, మూసీ నదుల నడుమ ఉన్న పాత ఇళ్లను గదిగదిగా పరిశీలిస్తే ఆ కలయిక ఎంత పాతదో, దానికి ఎంత కచ్చితమైన క్రమం ఉండేదో స్పష్టమవుతుంది. వీధికి దగ్గరగా ఉండి పరాయివారి కంటపడే గది ముందుగా మారేది. పడకలు, ధాన్యం ఉండే గదులు తరువాత మారేవి. వంటిల్లు, దేవుడి మూల అన్నిటికన్నా ఆలస్యంగా, కొన్ని ఇళ్లలో మూడు నాలుగు తరాల తరువాత మారేవి. గత రెండు దశాబ్దాల్లో ఈ క్రమం తలకిందులు కావడమే ఇక్కడి గృహచరిత్రలో అసలైన మలుపు.

ఈ చరిత్రకు పునాది రాయి. మేళ్లచెరువు నేల కింద ఉన్నది భూగర్భ శాస్త్రజ్ఞులు పలనాటి పళ్లెంగా గుర్తించిన సున్నపురాతి పొర. నదికి రెండు వైపులా పరుచుకున్న ఈ పొర నుంచే పలకలుగా విడివడే నాపరాయి, కాల్చితే సున్నమయ్యే గట్టిరాయి, నునుపు తేలి శిల్పానికి లొంగే లేతపచ్చ ఛాయ రాయి లభిస్తాయి. క్రీస్తుశకం 3వ, 4వ శతాబ్దాల్లో నాగార్జునకొండ లోయలో విజయపురిని రాజధానిగా చేసుకున్న ఇక్ష్వాకులు తమ కట్టడాలకు ఈ జాతి రాయినే వాడారు. అక్కడ రాజభవన స్థలంగా గుర్తించిన చోట దొరికిన స్తంభాల మీద పొడవాటి అంగీ తొడిగిన శకభటుడు ఒకవైపు, చేత పానపాత్ర పట్టిన గడ్డపు పురుషుడు మరొకవైపు కనిపిస్తారు. ఈ రెండో బొమ్మను గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌గా పండితులు పోల్చారు. అంటే ఈ నదీతీరపు రాజగృహంలో పదిహేడు శతాబ్దాల కిందటే దేశీయ పద్మాల పక్కన పాశ్చాత్య దేవత కొలువు తీరాడు. సూర్యాపేటకు ఉత్తరాన ఉన్న ఫణిగిరి బౌద్ధ క్షేత్రపు శిల్పాలు కూడా సున్నపురాతిలో మలచినవే. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు అవి వెళ్లివచ్చాయి.

పాత రాయిని కొత్త ఇంట్లో ఇమడ్చడం కూడా ఈ తీరంలో అలవాటే. చింతపల్లి, అమరావతులను కేంద్రాలుగా చేసుకుని ఏలిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 18వ శతాబ్దం చివర తన కొత్త పట్టణాల నిర్మాణానికి రాళ్లు, ఇటుకలు సేకరిస్తున్న రోజుల్లోనే అమరావతి బౌద్ధ స్తూపపు దిబ్బ తవ్వకానికి గురైంది. 1797లో ఇంగ్లీషు కొలువులోని సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి చేరేటప్పటికే చాలా పలకలు స్థానభ్రంశం పొందాయి. మేళ్లచెరువుకు పొరుగునున్న బేతవోలును తన తండ్రి జగ్గయ్య పేరిట జగ్గయ్యపేటగా అభివృద్ధి చేసినవాడు కూడా ఆయనే. బౌద్ధ స్తూపపు పలక గృహస్థుడి మెట్టుగా మారడాన్ని పురాతత్త్వవేత్తలు విధ్వంసంగా లెక్కగట్టారు, అది న్యాయమే; అయితే ఇల్లు కట్టుకునేవాడు చేతికందిన మంచి సామగ్రిని దాని మతం, కాలం అడగకుండా వాడుకున్నాడన్నది కూడా ఆ సంఘటన చెప్పే సత్యమే.

రాతి తరువాత చెప్పుకోవలసింది బాట. గోల్కొండ రాజధాని నుంచి మచిలీపట్నం రేవుకు పోయే 17వ శతాబ్దపు రాజమార్గం పానగల్లు, మునగాల, అనంతగిరి, పెనుగంచిప్రోలు మీదుగా సాగేది. 1660లలో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఈ దారినే ప్రయాణించాడు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే నేటి 65వ నంబరు జాతీయ రహదారి ఇంచుమించు ఆ బాటను అనుసరిస్తూనే సూర్యాపేట, కోదాడలను తాకుతుంది. ఆ దారిలో రేవుకు పోయిన సరుకులో కలంకారీ బట్టలు ముఖ్యమైనవి. వంట చెరకు బూడిద నుంచి కరక్కాయ దాకా అన్నీ ఇక్కడి దినుసులే అయినా, మచిలీపట్నం అద్దకపు అచ్చుల మీద తీగలు, సైప్రస్ చెట్లు, కమాను నమూనాలు పారశీక అభిరుచికి తగినట్టు రూపొందాయి. పారశీకం నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ల సంప్రదాయంగా చెప్పుకునే ఏలూరు తివాచీ, దక్కను నేతలో పుట్టిన వరంగల్ జంపఖానా, అంటే నేల మీద పరిచే మందపాటి నూలు పరుపు, ఈ బాటకు రెండు కొసల నుంచి ఇళ్లలోకి ప్రవేశించాయి. ఊరి సంపన్నుడి ఇంట్లో మారిన తొలి వస్తువులు ఇవే అని ఊహించడం కష్టం కాదు, ఎందుకంటే గోడను కూల్చనక్కర లేకుండా, అతిథి వచ్చినప్పుడు పరిచి వెళ్లాక చుట్టిపెట్టగల పరదేశీ శైలి ఇంతకన్నా మరొకటి లేదు.

ఇక ఇంటి అమరిక సంగతి. నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, దాని చుట్టూ నాలుగు వైపులా వాలు కప్పుల కింద గదులు ఉండే ఇంటిని పాత తెలుగు గ్రంథాలు చతుశ్శాల అన్నాయి, కోస్తా జిల్లాల్లో మండువా లోగిలి అని పిలిచారు. వీధి అరుగు, తలవాకిలి, లోపల స్తంభాల వసారా, నడుమ వాననీరు జారిపడే పల్లపు గచ్చు, వెనుక వంటిల్లు, ఆ వెనుక దొడ్డి: ఈ వరుస కోస్తాలోనూ తెలంగాణలోనూ దాదాపు ఒకటే. తేడా పేర్లలోనూ పనివాడి చేతివాటంలోనూ ఉండేది. కోస్తాలో అటక అనేదాన్ని ఇక్కడ మచ్చు అంటారు, అక్కడి గుమ్మం ఇక్కడి దర్వాజ, అక్కడి గది ఇక్కడి అర్ర. ఈ అమరికకు ఉన్న సుగుణం ఏమిటంటే, నాలుగు వైపుల గదులు వేటికవి వేరుగా ఉండి నడిమి ముంగిలి వద్ద మాత్రమే కలుస్తాయి కాబట్టి ఒక గదిలో ఏ వింత శైలి తెచ్చిపెట్టినా పక్క గదితో అది తగువు పడదు. నాలుగు శైలులను భరించగల ఓర్పు ఆ ఖాళీ జాగాలో ఉంది.

అటువంటి ఇంటి దర్వాజ ఒక్కటి దగ్గరగా చూస్తే ఈ సీమ స్వభావం బోధపడుతుంది. నిలువు చట్రం టేకుతోనో నల్లమద్దితోనో చేసి, పైకమ్మీ నడుమ ఏనుగులు అభిషేకం చేస్తున్న లక్ష్మిని, అటూ ఇటూ చిలుకలను, అంచున తామర రేకులను వడ్రంగి ఉలితో చెక్కేవాడు. కింద గడపకు ప్రతి శుక్రవారం పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేవారు. ఆ దర్వాజకు ఇరుపక్కల గోడలో దీపం కోసం వదిలిన గూడు మాత్రం తరచు కమాను ఆకారంలో, రేకుల్లాంటి వంపుల అంచుతో, మసీదు మిహ్రాబు నమూనాలో ఉండేది. చెక్కపని చేసే వడ్రంగి, గచ్చుపని చేసే తాపీవాడు వేర్వేరు గురువుల దగ్గర పని నేర్చారు. యజమాని వారిద్దరినీ ఒకే గోడ మీద పనిలో పెట్టాడు. ఆ గూట్లో వెలిగిన దీపం లక్ష్మికే వెలిగింది.

ఆ గచ్చుపని గురించి కొంత విపులంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గోడలకూ నేలకూ మెరుపు తెచ్చిన ఆ విద్యకు ముడిసరుకు ఈ నేలదే. సున్నపురాతి ముక్కలను బట్టీలో కట్టెలతో కాల్చి, నీళ్లు చల్లి విరియబెట్టి, వచ్చిన సున్నాన్ని ఇసుకతో కలిపి గుండ్రటి రాతి కాలువలో పోసి, ఎద్దు లాగే రాతి చక్రంతో రోజుల తరబడి నూరేవారు. దీనికే డంగు సున్నమని పేరు. నానబెట్టిన కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపితే అది మెల్లగా గట్టిపడి పగుళ్లివ్వకుండా పట్టు పెంచుకునేది. చివరి పూతకు మెత్తటి సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నునుపు రాయితో రుద్దిరుద్ది గోడను అద్దంలా తేల్చేవారు. పని ఆలస్యమయ్యేది, ఖర్చు ఎక్కువయ్యేది, ఎండాకాలంలో మాత్రం ఆ గోడ చల్లగా ఉండేది.

ఇంటి ముందుభాగపు శైలిని నిర్ణయించిన పెద్ద నమూనా హైదరాబాదు నగరం. ఆ నగరంలోనే రెండు శైలులు ఒక కాపురంలో కలిసిన ప్రసిద్ధ ఉదాహరణ కోఠీలోని ఇంగ్లీషు రెసిడెన్సీ. 1803 ప్రాంతంలో మొదలైన ఆ భవనాన్ని రెసిడెంటు జేమ్స్ అచిలిస్ కిర్క్‌పాట్రిక్ నిజాము సొమ్ముతో కట్టించాడు. ఎత్తయిన స్తంభాల వరుస, ముఖమంటపం, దర్బారు హాలు అన్నీ ఇటలీ మూలంగా ఇంగ్లండు చేరిన పలాడియన్ పద్ధతిలో ఉన్నాయి. అదే ఆవరణలో తన భార్య ఖైరున్నిసా కోసం ఆయన కట్టించిన రంగ్‌మహల్ మాత్రం మొగలు రీతిలో, నీటి గోలేలు, చిత్రించిన గోడలు, ముంగిళ్లతో ఉండేది. 1860లో దాన్ని కూల్చివేశారు. కొలువు ఇంగ్లీషు రీతిలో, కాపురం దక్కనీ రీతిలో నడిచిన ఆ ఆవరణ తరువాత 1949 నుంచి మహిళా కళాశాలగా మారింది. 1884లో పునాది పడి 1893 నాటికి సిద్ధమైన ఫలక్‌నుమా కూడా ఇదే సూత్రం మీద నడిచింది: వికారుల్ ఉమ్రా అతిథుల కోసం ఐరోపా రీతి ముఖభాగం, వెనుక జనానాకు దేశీయ అమరిక. ఆసఫ్ జాహీల చౌమహల్లాలో బెల్జియం గాజు దీపగుచ్ఛాలు దక్కనీ కమాన్ల కింద వేలాడాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అయితే దేశదేశాల వస్తువులతో తన దివాన్ దేవిడీని నింపి, చివరకు ఇల్లు మ్యూజియమా, మ్యూజియం ఇల్లా అన్న సందేహం మిగిల్చాడు. 1951 డిసెంబరు 16న అది నిజంగానే మ్యూజియంగా తెరుచుకుంది.

నగరంలో నవాబుల దేవిడీలు చూసివచ్చిన దేశముఖులు, అంటే పన్ను వసూలు హక్కున్న దొరలు, తమ ఊళ్లలో గడీలు కట్టుకున్నారు. గడీ అంటే ఎత్తయిన ప్రహరీ, బురుజులు, పెద్ద దర్వాజ ఉన్న దొర నివాసం. దాని ముందుభాగంలో ఫిర్యాదులు వినే దివాన్‌ఖానా, అందులో కమాన్లు, గచ్చు స్తంభాలు, పంఖా, అంటే పనివాడు తాడుతో లాగే గుడ్డ విసనకర్ర, పరదేశీ కుర్చీలు, నిలువుటద్దాలు ఉండేవి. దాన్ని దాటి లోపలికి వెళితే చెక్క స్తంభాల మండువా, పసుపు గడప, రోలు, ఉట్టి యథాతథంగా ఉండేవి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట ఈ కలయికకు నేడు చూడదగిన మంచి సాక్ష్యం: ఐరోపా స్తంభాలు, దక్కనీ కమాన్లు, చెక్క వసారాల ముంగిలి అక్కడి అద్దాలమేడలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. శ్రద్ధగా చేసిన పునరుద్ధరణకు గాను 2022లో ఆ కోటకు యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది.

నల్లగొండ జిల్లా గడీల అందం గురించి చెప్పేటప్పుడు వాటి ఖరీదు ఎవరు కట్టారో కూడా చెప్పకపోవడం చరిత్రకు ద్రోహం అవుతుంది. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాల భూమి ఉండేదని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో రాశాడు. అటువంటి ఇళ్లకు వడ్రంగి చెక్కిన తలుపు, కుమ్మరి కాల్చిన పెంకు, చాకలి ఉతికిన చాందినీ, అంటే పైకప్పు కింద కట్టే గుడ్డ, కూలి లేని వెట్టిచాకిరీగానే చేరేవి. ఊళ్లో మిగతావారి గుడిసెకు శైలి అంటూ ఉంటే అది పేడతో అలికిన నేల, ముగ్గు, గోడకు ఎర్రమన్ను, సున్నపు చారలు. దొర ఇంట్లో తాను చెక్కిన చిలుకను వడ్రంగి తన గుమ్మానికి చెక్కుకున్న దాఖలాలు అరుదు.

మునగాల పరగణా సంగతి వేరు. 1766, 1768 ఒప్పందాలతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి పాలనలోకి పోయినప్పుడు, చుట్టూ నిజాము రాజ్యం ఉన్నా ఈ చిన్న జమీందారీ మాత్రం ద్వీపంలా ఇంగ్లీషు సీమలో చేరి, కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో భాగంగా నడిచింది. నడిగూడెం కోటలో ఉండి పాలించిన రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపనకు, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి తోడ్పడ్డారు. ఈ చదువుల వాతావరణం ఇంటి సామాను మీద కూడా ముద్ర వేసింది. అద్దాల తలుపుల పుస్తకాల బీరువా, రాతబల్ల, పడక కుర్చీ, గోడగడియారం అనే నాలుగు వస్తువులు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో విద్యావంతుల ముందుగదికి గుర్తులయ్యాయి. గోడ మీద రవివర్మ లక్ష్మీసరస్వతులు చేరారు. 1894లో బొంబాయిలో రవివర్మ నెలకొల్పిన ముద్రణశాల నుంచి వెలువడిన ఆ రంగుల పటాలు ఇంట్లోకి వచ్చిన మరో మిశ్రమశైలి: దేవత మనది, వెలుగునీడల చిత్రణ ఐరోపాది, అచ్చుయంత్రం జర్మనీది. ఆశ్చర్యకరంగా ఈ ఒక్క వస్తువు వరసను దాటి తిన్నగా దేవుడి మూలకు చేరుకుంది.

ఇదే కాలంలో రైలు దూరపు సామగ్రిని చవక చేసింది. నిజాము రైల్వే 1889లో వరంగల్, ఖమ్మం మీదుగా బెజవాడ చేరాక, పడమటి నుంచి షాబాద్ బండలు, మంగుళూరు నుంచి యంత్రపు పెంకులు స్టేషన్లలో దిగి, ఎడ్లబండ్ల మీద ఊళ్లకు చేరాయి. 1865లో బాసెల్ మిషన్ పాదరీలు మంగుళూరులో ఫ్రాన్సు నమూనాతో మొదలుపెట్టిన ఈ పెంకును తెలుగువారు బెంగుళూరు పెంకు అనే పిలిచారు. కుమ్మరి చేసే గూనపెంకు వానాకాలానికి ముందు ఏటా తిరగవేయవలసి వస్తే, ఒకదానిలో ఒకటి కొక్కెంలా పట్టుకునే ఈ పెంకు ఏళ్ల తరబడి కదలకుండా ఉండేది. బర్మా టేకు తీరపు రేవుల మీదుగా వచ్చింది. ఆ విధంగా 1930ల నాటి సంపన్న గృహంలో నేల షాబాద్‌ది, స్తంభం బర్మాది, పెంకు మంగుళూరుది, అద్దం బెల్జియంది, సున్నం ఊరిది.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఈ గృహచరిత్రను నడుమకు విరిచింది. చాలామంది దొరలు నగరానికి తరలిపోయారు, గడీలు సైనిక శిబిరాలుగానో పాఠశాలలుగానో మారాయి, కొన్ని పాడుబడ్డాయి. 1949లో జాగీర్ల రద్దు, అంతకుముందు 1948లో మద్రాసు రాష్ట్రపు ఎస్టేట్ల రద్దు చట్టం వెనుకటి రాబడిని ఆపేశాయి. దివాన్‌ఖానా అవసరం ఇక తీరిపోయింది.

తరువాతి మార్పును నీళ్లు తెచ్చాయి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్‌బహదూర్ కాలువ అని పేరున్న ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్టభూములను మాగాణిగా మార్చింది. కృష్ణా, గుంటూరు డెల్టాల నుంచి సేద్యంలో ఆరితేరిన కుటుంబాలు ఇక్కడ భూములు కొని స్థిరపడ్డాయి, వారి నివాసాలకు క్యాంపులనే పేరు నిలిచింది. వారు తమ వెంట తెచ్చుకున్న ఇంటి ఊహ వేరు: వీధి వైపు వెడల్పాటి వసారా, పడమటిల్లు, ఇంటికి ఎడంగా వంటపాక, భోషాణం, పందిరిమంచం. స్థానికుల ఇంటికి ప్రహరీ ముఖ్యమైతే వీరికి కళ్లం ముఖ్యం. మొదట్లో రెండు రకాల ఇళ్లు పక్కపక్కనే ఉన్నా కలవలేదు. వియ్యాలు, వ్యాపారాలు పెరిగాక కలిశాయి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వరుసకట్టి డబ్బు ఆడిన 1970, 80 దశకాల్లో కట్టిన మేడల్లో డెల్టా వసారా, తెలంగాణ నాపరాతి నేల, హైదరాబాదు జాలీ గోడ, మద్రాసు సినిమాల నుంచి దిగిన వంపుమెట్లు ఒకే కప్పు కిందకు వచ్చాయి. ఆ మేడలను పరిహసించడం తేలిక; కాని ఎవరి సలహా లేకుండా యజమాని, మేస్త్రీ కలిసి తమకు నచ్చినవన్నీ ఏరుకున్న ఆ ధైర్యం ఆ తరువాతి ఇళ్లలో కనిపించదు.

ఆ కప్పే అసలు మార్పు. ఏ సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే సున్నమవుతుందో, దాన్నే మట్టితో కలిపి 1450 డిగ్రీల దాకా కాల్చి పొడిచేస్తే సిమెంటు అవుతుంది. పలనాటి పళ్లెపు రాయిని ఆధారం చేసుకుని మాచర్లలో కేసీపీ, వాడపల్లిలో బి.వి.రాజు స్థాపించిన రాశి, మఠంపల్లిలో సాగర్, మేళ్లచెరువులో మై హోం వారి మహా సిమెంటు మొదలైన కర్మాగారాలు వెలిశాయి. స్వయంభూ శంభులింగేశ్వరస్వామి జాతరకు పేరుపడిన మేళ్లచెరువు ఇప్పుడు సిమెంటు ఊరుగా కూడా పేరుపడింది. ఇనుపచువ్వల సిమెంటు కప్పు, అంటే శ్లాబు, దూలాల అవసరాన్ని, వాలుకప్పు అవసరాన్ని, కాలక్రమంలో నడిమి ముంగిలి అవసరాన్ని తొలగించింది. పాత ఇంటిని బాగుచేయించిన చాలామంది మొదట చేసిన పని మండువా మీద శ్లాబు వేసి దాన్ని హాలుగా మార్చడం. విద్యుత్తు, సీలింగు ఫ్యాను తోడుండడంతో ఆనాడు ఆ నష్టం ఎవరికీ తెలియలేదు. నాలుగు గదులను విడదీసి ఉంచిన ఖాళీ జాగా మూతపడ్డాక వేర్వేరు శైలులు మొదటిసారి ఒకే హాల్లో ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చింది. వాటిని పొందిగ్గా అమర్చడానికి ప్రత్యేకంగా ఒక నిపుణుడు కావలసివచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

నేలలు కూడా ఇదే వేగంతో మారాయి: ఎర్రటి రంగుపొడి కలిపిన సిమెంటు గచ్చు, ఆపై రంగురాళ్ల మొజాయిక్, 1990లలో ఖమ్మం, కరీంనగర్ గ్రానైటు, 2000 తరువాత పింగాణీ టైల్సు. పేదల ఇంటికి శ్లాబు ప్రభుత్వ పథకాల ద్వారా చేరింది. తెలంగాణ ప్రభుత్వం 2015 తరువాత చేపట్టిన రెండు పడకగదుల ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. అందులో శైలిని గురించి ఆలోచించే చోటు తక్కువే అయినా, ఆ గుమ్మాలకు పసుపు, మామిడాకుల తోరణం, లోపల టీవీ బల్ల మీద దేవుడి పటం అన్నీ చేరాయి.

కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట పట్టణాల్లో ఇప్పుడు వెలుస్తున్న ఇళ్లలో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పైకప్పు, పొరచెక్క అతికిన గోడ, యంత్రంతో కోసిన జాలీ, తంజావూరు పటం, కారైకుడి పాత సామాన్ల అంగళ్ల నుంచి తెచ్చిన చెక్క స్తంభం కలిసి కనిపిస్తాయి. ఆ స్తంభం ఏ బరువూ మోయదు. గోడకు ఆనించి బిగించిన అలంకారం మాత్రమే. గచ్చు గూడు స్థానంలో దాని బొమ్మ ముద్రించిన కాగితం అతికిస్తున్నారు. పాత కలయికలో ప్రతి వస్తువుకూ ఒక పని ఉండేది, పని మారినప్పుడు శైలి మారింది. కొత్త కలయికలో ఎక్కువ వస్తువులకు కనిపించడమే పని. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి సంప్రదాయం కొనసాగుతోందని మురిసిపోవడం సరికాదు.

అన్నిటికన్నా పెద్ద తేడా వంటింట్లో ఉంది. ఒకప్పుడు అన్నిటికన్నా చివర మారిన ఆ గది ఇప్పుడు అన్నిటికన్నా ముందు మారుతోంది. గోడ లేకుండా హాలులోకి తెరుచుకునే మోడ్యులర్ వంటగది, అంటే కర్మాగారంలో ముక్కలుగా తయారై వచ్చి ఇంట్లో అమరే అరల వరస, అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ల నుంచి, నగరపు అపార్టుమెంట్ల నుంచి ఈ పట్టణాలకు వచ్చింది. వంటిల్లు అతిథి కంటపడడం ఈ సీమ గృహచరిత్రలో కొత్త. అయితే పోపు ఘాటు హాలంతా పరుచుకోవడం మొదలయ్యాక, స్థోమత ఉన్నవారు ఇంటి వెనుక మరో చిన్న వంటగది కట్టించుకుని అసలు వంట అక్కడ చేస్తున్నారు. ముందున్నది చూపులకు, వెనుక ఉన్నది వాడకానికి: రెసిడెన్సీ, రంగ్‌మహల్‌ల నాటి ఏర్పాటే ఇది.

ఈ ప్రాంతపు పాత ఇళ్లు ఏటా కూలుతున్నాయి. పులిచింతల జలాశయపు వెనుకనీరు మేళ్లచెరువు, చింతలపాలెం వైపు ఊళ్లను కొన్నిటిని కప్పింది కూడా. కూల్చడాన్ని ఆపమని అడిగే హక్కు బయటివారికి లేదు, కారుతున్న కప్పు కింద బతకవలసింది ఆ ఇంటివారే. కాని పార పడేముందు ఒక పూట ఆగి, గదుల కొలతలు తీసి పటం గీయించి, దర్వాజ, గూడు, మండువా, నేలల ఫోటోలు తీయించి, ఏ కలప ఎక్కడిదో, ఏ మేస్త్రీ చేతిపనో తెలిసిన పెద్దలను అడిగి రాయించి, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట గ్రంథాలయాల్లో ఒక్కొక్క ప్రతి ఉంచితే చాలు. ఇంజనీరింగు, వాస్తుకళ చదివే విద్యార్థులకు ఈ పనిని సెలవుల్లో అప్పగించవచ్చు. ఇంటి యజమానులు తలుపు తీసి లోపలికి రానివ్వాలి.